ఎక్స్‌రేలో కనపడని గుజ్జు

(తెనాలిలో విశ్రాంత ఉపాధ్యాయులు నెలకోసారి జరుపుకునే సమావేశంలో ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగం ఇది. ఫోన్‌లో రికార్డు చేసినదాన్ని విని రాసుకున్నాం. తెరమీద చూపించిన ఫిల్ముల సంగతి అక్కడక్కడ బ్రాకెట్లలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా అండీ? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, మైకులో హోరు పడుతోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

నన్ను పిలిచిన మాస్టారు "మోకాళ్ళ నొప్పులకి మందులు" అని కరపత్రంలో వేయించేశారు. నేను మందులు రాసే డాక్టర్ని కాదండీ. మందులు రాసే డాక్టరు గారు మిమ్మల్ని ఎక్స్‌రేకో స్కానింగుకో పంపిస్తే, లోపల చీకటి గదిలో కూర్చుని ఆ ఫిల్ము చదివి రిపోర్టు రాసేవాణ్ణి. పాతికేళ్ళుగా అదే పని. మీలో చాలామంది నా మొహం చూసి ఉండరు, మీ మోకాళ్ళు మాత్రం నేను చూసే ఉంటాను. (నవ్వులు) అందుకని మందుల సంగతి వదిలేసి, మోకాలికి తీసే ఫోటోల గురించి మాట్లాడతాను. ఏ ఫోటో ఏం చూపిస్తుంది, ఏం చూపించదు, అంతే.

మోకాలికి ఇప్పటిదాకా ఎక్స్‌రే తీయించుకోనివాళ్ళు చేతులెత్తండి. ఒకటి, రెండు... ఐదుగురు. మిగతావాళ్ళందరూ తీయించుకున్నారన్నమాట. తీశాక డాక్టరు గారు ఏమన్నారు? "గుజ్జు అరిగిపోయిందమ్మా" అన్నారు. అవునా? ఆ గుజ్జు ఎక్స్‌రేలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించారా? చూపించి ఉండరు. చూపించలేరు కూడా. ఎక్స్‌రేలో గుజ్జు కనపడదు.

ఇది చెబితే చాలామంది నన్ను అనుమానంగా చూస్తారు, మీరిప్పుడు చూస్తున్నట్టే. కాబట్టి అసలు గుజ్జంటే ఏమిటో ముందు చూద్దాం. ఆదివారం నాటుకోడి కూర తినేవాళ్ళకి ఇది తెలుసు. కాలు ముక్క కొరుకుతున్నప్పుడు ఎముక చివర తెల్లగా, కొంచెం నీలి ఛాయతో, నున్నగా మెరుస్తూ ఒక పొర ఉంటుంది. పంటి కింద కరకరమంటుంది. అదే. గుజ్జు అన్న మాట వినగానే మామిడిపండు గుజ్జులా మెత్తగా జారిపోయేదేదో అనుకుంటాం, మాట అలాంటిది మరి. నిజానికి గట్టి పొర, ఎముకకి అతుక్కుని ఉంటుంది. పుస్తకాల్లో మృదులాస్థి అని రాస్తారు, మా వాళ్ళు కార్టిలేజ్ అంటారు. నేను గుజ్జనే అంటాను, మీకూ నాకూ అలవాటైన మాట.

అంత గట్టిగా ఉన్నా దాని బరువులో 65 నుంచి 80 శాతం నీళ్ళే. మిగతాది కొలాజెన్ పోగులు, ఆ పోగుల మధ్య నీళ్ళని పట్టి ఉంచే ప్రొటియోగ్లైకాన్ అనే పదార్థం. మందం చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లు. మోకాలి చిప్ప వెనక ఇంకాస్త ఎక్కువ, ఒంట్లో ఉన్న కీళ్ళన్నిటిలోకీ అక్కడే మందం. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. రక్తం లేదు కాబట్టి దెబ్బతింటే మానడం కష్టం. లండన్‌లో విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే ఈ సంగతి రాసిపెట్టాడు. ఇక నరాలు లేవు కాబట్టి గుజ్జు తనంతట తాను నొప్పి పుట్టించలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ ఇక్కడికే వస్తాను.

(తెరమీద: నిలబెట్టి తీసిన మోకాలి ఎక్స్‌రే)

ఇదిగో ఎక్స్‌రే. పైన తెల్లగా ఉన్నది తొడ ఎముక, కింద తెల్లగా ఉన్నది కాలి ఎముక. మధ్యలో నల్లటి సందు. డాక్టర్లు "గ్యాప్ తగ్గింది" అంటారే, ఆ గ్యాప్ ఇదే. ఎముకలో కాల్షియం ఉంది కాబట్టి ఎక్స్‌రే కిరణాలని ఆపి తెల్లగా పడుతుంది. గుజ్జుకీ కండకీ నీళ్ళకీ ఎక్స్‌రే దృష్టిలో తేడా లేదు. కాబట్టి ఖాళీగా కనపడుతున్న ఆ సందు నిజానికి ఖాళీ కాదు. పై ఎముక గుజ్జు, కింది ఎముక గుజ్జు, వాటి మధ్య అంచుల్లో వాషర్లలాగా ఉండే రెండు మెనిస్కస్‌లు, అన్నీ అక్కడే ఉన్నాయి. లోపలి పక్క ఆ సందు మామూలుగా 4, 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 2 అయితే "మధ్యలో ఉన్నది అరిగింది" అని మేం ఊహించి రాస్తాం. మంచి ఊహే, చాలాసార్లు సరైనదే. అయినా ఊహే.

వానాకాలంలో తలుపు గచ్చుకి రాసుకుంటుంది చూడండి. తలుపు కింద సందు తగ్గింది. తలుపు ఉబ్బిందా, బందు సడలి తలుపు దిగిందా, గచ్చు లేచిందా, సందు చూసి చెప్పలేం. మోకాల్లో కూడా అంతే. గుజ్జు బాగానే ఉండి, మెనిస్కస్ ఒక్కటి చోటు తప్పి పక్కకి జారినా సందు తగ్గుతుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా ఉంటాయి.

ఇంకో ఇబ్బంది ఉంది. అది నా తప్పు ద్వారా నేర్చుకున్నాను, చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకామె ఫిల్ము వచ్చింది. అరవై దాటాయి, మిరపకాయల కల్లాల్లో పనిచేసిన మనిషి. ఫిల్ము చూస్తే సందు చక్కగా ఉంది. "నార్మల్" అని రాసి పంపేశాను. ఎనిమిది నెలల తర్వాత వాళ్ళ అబ్బాయి రెండు ఫిల్ములు పట్టుకుని వచ్చాడు. ఒకటి నేను చదివింది, రెండోది వేరే ఊళ్ళో తీయించింది. రెండోదాంట్లో లోపలి పక్కన ఎముకా ఎముకా ఆనుకుని ఉన్నాయి, సందే లేదు. అబ్బాయి కోప్పడలేదు. "సార్, ఎనిమిది నెలల్లో ఇంత అరుగుతుందా అండి?" అని అడిగాడు, అంతే. కోప్పడినా బాగుండేది.

(తెరమీద: ఒకే మోకాలి రెండు ఎక్స్‌రేలు, పక్కపక్కన)

ఇవి ఆమెవి కావు, వేరేవాళ్ళవి, కానీ కథ అదే. ఎడమది పడుకోబెట్టి తీసింది. కుడిది అదే మనిషికి, అదే రోజు, నిలబెట్టి తీసింది. తేడా చూశారా? పడుకున్నప్పుడు కాలిమీద బరువు లేదు, ఎముకలు దూరంగా ఉంటాయి. నిలబడితే ఒంటి బరువు పడి, మధ్యలో గుజ్జు లేకపోతే ఎముకలు వచ్చి ఆనుకుంటాయి. ఎనిమిది నెలల్లో ఏమీ అరగలేదు. నేను చదివిన రోజే అరిగిపోయి ఉంది. నిలబెట్టి తీయించమని నేను అడగలేదు, అంతే. పోనీ కొత్త సంగతా అంటే, 1968లోనే స్వీడన్‌లో ఆల్‌బాక్ అనే ఆయన నిలబెట్టి తీసిన ఫిల్ముల మీద పెద్ద అధ్యయనమే చేశాడు. మోకాలు 45 డిగ్రీలు వంచి నిలబెట్టి వెనకనుంచి తీస్తే ఇంకా బాగా తెలుస్తుందని 1988లో రోజెన్‌బర్గ్ చూపించాడు. ఎందుకంటే తొడ ఎముక గుజ్జు కాలు చాపినప్పుడు ఆనే చోటకన్నా, వంచినప్పుడు ఆనే చోట ఎక్కువ అరుగుతుంది. మెట్లెక్కేటప్పుడు కాలు వంగే ఉంటుంది కదా.

కాబట్టి ఈసారి ఎక్స్‌రేకి వెళ్తే, నిలబడగలిగినవాళ్ళు "బాబూ, నించోపెట్టి తీయవా, రెండు మోకాళ్ళూ కలిపి" అని అడగండి. ఖర్చు పెరగదు.

ఇప్పుడు గ్రేడుల సంగతి. "గ్రేడ్ 3 వచ్చిందండీ" అని పరీక్షలో మార్కుల్లా చెబుతుంటారు. ఈ గ్రేడులు పెట్టింది ఇంగ్లండులో మాంచెస్టర్‌లో పనిచేసిన కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు. సంవత్సరం 1957. అంతకుముందు వాళ్ళు బొగ్గు గని కార్మికుల కీళ్ళమీద పనిచేశారు. సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడులు. సున్నా అంటే ఏమీ లేదు, ఒకటి అంటే అనుమానం. ఎముక అంచున చిన్న కొమ్ము మొలిచింది అని కచ్చితంగా చెప్పగలిగితే రెండు. సందు స్పష్టంగా తగ్గితే మూడు. ఎముకలు దాదాపు ఆనుకుని, కొమ్ములు పెద్దవై, ఎముక ఆకారం మారితే నాలుగు. 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది, ఇప్పటికీ ఇదే వాడుతున్నాం. ఊళ్ళలో ఎంతమందికి ఈ జబ్బుందో సర్వే చెయ్యడానికి కొలబద్ద కావాలని పెట్టుకున్నది, ఒక మనిషికి ఎంత నొప్పి ఉందో కొలవడానికి పెట్టింది కాదు. ఒకే ఫిల్ముని నేను 2 అంటే మా పక్క గదిలో ఆయన 3 అంటాడు. ఆ రోజుకి టీ తాగామా లేదా అన్నదానిమీద కూడా ఆధారపడి ఉంటుందని మేం నవ్వుకుంటాం.

మా అమ్మ మోకాళ్ళు గ్రేడ్ 4. ఎక్స్‌రే చూస్తే నాకే కళ్ళు మూసుకోవాలనిపిస్తుంది. ఆవిడ రోజూ పొద్దున గుడికి నడిచి వెళ్ళొచ్చి, దారిలో ఎవరింట్లో ఏం కూరో నాకు చెబుతుంది. మా బావగారికి గ్రేడ్ 1, ఆయన కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు కావాలి. ఒకే ఇంట్లో ఇలా ఉంటే గ్రేడుని పట్టుకుని ఏం చెప్పమంటారు?

"ఎక్స్‌రేలో గుజ్జు కనపడదు అన్నారు కదా, అయితే ఎమ్మారై తీయించేద్దాం" అని మీ మనసులో ఉండే ఉంటుంది. ఎమ్మారైలో గుజ్జు కనపడుతుంది, చాలా బాగా కనపడుతుంది. ఒంట్లో ఉన్న నీళ్ళలోని హైడ్రోజన్‌నుంచి వచ్చే సంకేతాలతో బొమ్మ గీసే మిషను అది. మా దగ్గరున్నది 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంతం కన్నా దాదాపు 30 వేల రెట్లు. గుజ్జులో ముప్పాతిక వంతు నీళ్ళేనని ఇందాక చెప్పాను కదా, అందుకే ఆ మిషనుకి గుజ్జు దొరికిపోతుంది.

(తెరమీద: మోకాలి ఎమ్మారై, పక్కనుంచి కోత)

ఇది చూడండి. ఎముక నల్లబడింది, కొవ్వు సంకేతాన్ని కావాలని ఆపేశాం కాబట్టి. దానిమీద బూడిద రంగులో పట్టీలాగా ఉన్నదే గుజ్జు. తెల్లటి గీత కీలులో ఉన్న నీరు. నల్లటి త్రికోణాలు మెనిస్కస్. ఇక్కడ, నా కర్ర కొన దగ్గర, బూడిద పట్టీలోకి తెల్లటి నీరు సన్నగా దిగింది చూశారా? ఎండిన చెరువులో నెర్రె పడ్డట్టు. గుజ్జులో చీలిక అది. ఎక్స్‌రేలో ఈ మోకాలు గ్రేడ్ సున్నా.

ఎవరిదీ మోకాలు అనుకుంటున్నారు? నాదే.

మేం పనిచేసే చోట కొత్త ఎమ్మారై మిషను పెట్టారు. కొత్తది వచ్చినప్పుడు బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో చూడటానికి స్టాఫ్‌లోనే ఎవరో ఒకరు పడుకుంటారు. నాకప్పుడు 47. మోకాలి నొప్పి అంటే ఏమిటో తెలీదు, సాయంత్రం షటిల్ ఆడేవాణ్ణి. సరే అని పడుకున్నాను. బయటికొచ్చి చూసుకుంటే ఇదిగో, చిప్ప వెనక గుజ్జులో చీలిక, లోపలి మెనిస్కస్ వెనక భాగంలో చిరుగు. ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే మోకాలు కలుక్కుమంది. మర్నాడు షటిల్ మానేశాను. రెండు వారాలు కుంటాను. మా ఆవిడ నాలుగు రోజులు చూసి, "ఆ ఫోటో తీయించుకోకముందు బానే ఉన్నారుగా?" అంది. మూడో వారంలో కేసులు ఎక్కువై ఆ సంగతి మర్చిపోయాను. నొప్పి కూడా నన్ను మర్చిపోయింది. ఇప్పటికీ ఆ చిరుగు అలాగే ఉంది, షటిల్ కూడా ఉంది.

నా ఒక్కడి కథ కాదిది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అని ఒక ఊరుంది, గుండె జబ్బుల పరిశోధనకి పేరుపొందింది. అక్కడ యాభై దాటినవాళ్ళు, ఎక్స్‌రేలో మోకాలి అరుగుదల ఏమాత్రం లేనివాళ్ళు 710 మందికి ఎమ్మారై తీశారు. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. నూటికి 89 మందికి ఏదో ఒక లోపం కనపడింది. 69 మందికి గుజ్జు దెబ్బతిని ఉంది. నొప్పి ఉన్నవాళ్ళలోనూ లేనివాళ్ళలోనూ దాదాపు ఒకటే లెక్క. అదే ఊళ్ళో 2008లో 991 మందిని చూస్తే, మెనిస్కస్ చిరిగినవాళ్ళలో నూటికి 61 మందికి ఆ నెలలో నొప్పి గానీ బిగుసుకోవడం గానీ లేదు. తలకి నెరిసిన వెంట్రుకల్లాగే మోకాలికి ఈ చిరుగులు. వయసుని బట్టి వస్తాయి, వెతికితే దొరుకుతాయి.

దొరికితే వచ్చిన నష్టమేమిటి అంటారా? రిపోర్టులో "చిరుగు" అన్న మాట కంటపడ్డాక ఊరుకోవడం ఎవరివల్లా కాదు, రోగివల్లా కాదు, డాక్టరువల్లా కాదు. చిన్న రంధ్రం పెట్టి కెమెరా దింపి ఆ చిరుగుని కత్తిరించే ఆపరేషను ప్రపంచమంతా లక్షల్లో చేశారు. 2013లో ఫిన్లాండులో 146 మందిని తీసుకుని, సగంమందికి నిజంగా కత్తిరించి, మిగతా సగానికి కత్తిరించినట్టు నటించారు. మత్తు, రంధ్రం, కుట్లు అన్నీ ఉన్నాయి, కత్తిరింపు ఒక్కటే లేదు. ఏడాది తర్వాత రెండు గుంపులకీ తేడా లేదు. వాళ్ళు అరుగుదల లేనివాళ్ళు. అరుగుదల ఉన్న మోకాలిని లోపల కడిగి, గీకి శుభ్రం చెయ్యడం మీద 2002లోనే హ్యూస్టన్‌లో 180 మందితో ఇలాంటిదే చేశారు, అక్కడా అదే తేలింది. ఈ రెండు పరిశోధనలూ చదివాక నేను రిపోర్టు రాసే తీరు మార్చుకున్నాను. అరవై ఏళ్ళ మనిషి ఫిల్ములో చిరుగు కనపడితే, దాని కిందే "ఈ వయసులో నొప్పి లేనివాళ్ళలో కూడా సాధారణంగా కనిపించేదే" అని ఒక వాక్యం రాస్తాను. మా సహోద్యోగి ఒకాయన "నువ్వు రిపోర్టు రాస్తున్నావా, ఓదార్పు రాస్తున్నావా" అని వేళాకోళం చేస్తాడు. చెయ్యనీండి.

ఎమ్మారై దండగ అని చెప్పడంలేదు నేను. గుజ్జుకి నరాల్లేవు అన్నాను కదా, మరి నొప్పి ఎక్కడినుంచి వస్తుంది? ఎముకకి నరాలున్నాయి, కీలు చుట్టూ ఉండే పొరకి ఉన్నాయి. గుజ్జు పలచబడి బరువు నేరుగా ఎముకమీద పడితే, ఎముక లోపల దెబ్బ తగిలినట్టవుతుంది. ఎమ్మారైలో అది ఎలా కనపడుతుందంటే...

(తెరమీద: మరో ఎమ్మారై, నల్లటి ఎముకలో తెల్లటి మరక)

ఇలా. వానకి గోడ చెమ్మెక్కి మరక పడితే ఎలా ఉంటుంది, అలా. ఎక్స్‌రేలో ఇది అస్సలు కనపడదు. 2001లో బోస్టన్‌లో మోకాలు అరిగినవాళ్ళని చూశారు. నొప్పి ఉన్న 351 మందిలో 272 మందికి ఈ మరక ఉంది, నొప్పి లేని 50 మందిలో 15 మందికే ఉంది. గుజ్జు మందం కన్నా ఈ మరక, కీలు పొర వాపు, ఇవి రెండూ నొప్పికి దగ్గర చుట్టాలు. మరక ఉన్న పక్కనే తర్వాత తర్వాత గుజ్జు ఎక్కువ అరుగుతుందని కూడా తేలింది. నా మోకాల్లో చీలిక ఉంది, మరక లేదు. అందుకే షటిల్.

గుజ్జు పలచబడకముందే, దాని లోపల మారుతున్న దశలోనే పట్టుకోవాలని మరో ప్రయత్నం జరుగుతోంది. తొలి దశల్లోనే కొలాజెన్ వల దెబ్బతింటుంది. వల సడలితే లోపల బిగిసి ఉన్న నీళ్ళు స్వేచ్ఛగా కదులుతాయి. ఎమ్మారైలో టీ2 అనే కొలత ఉంది, నీళ్ళు ఎంత స్వేచ్ఛగా ఉంటే అది అంత పెరుగుతుంది. దాన్ని రంగుల్లో వేసి చూపిస్తారు, వాతావరణ వార్తల్లో మ్యాపులాగా చూడ్డానికి బాగుంటుంది. కానీ అలా ముందే పట్టుకుని ఏం చెయ్యాలి? అరుగుదలని ఆపుతుందని నిరూపణ అయిన మందు ఇంకా లేదు. అందుకని మామూలు రోగికి ఆ రంగుల బొమ్మ తీయించమని నేను చెప్పను. పరిశోధనకి మాత్రం బంగారం. అమెరికా ప్రభుత్వం ఆస్టియో ఆర్థరైటిస్ (ఈ అరుగుదల జబ్బుకి డాక్టర్ల పేరు) ఇనీషియేటివ్ అని 4,796 మంది మోకాళ్ళకి ఏళ్ళ తరబడి ఎక్స్‌రేలూ, 3 టెస్లా మిషనులో ఎమ్మారైలూ తీయించి, ఆ బొమ్మలు ప్రపంచంలో ఎవరికైనా ఇచ్చింది. కంప్యూటర్లకి గ్రేడులు నేర్పించడం ఆ ఎక్స్‌రేలతోనే ఎక్కువగా జరిగింది.

సరే, మరి ఎమ్మారై ఎవరికి కావాలి? కాలు మెలిపడి, గంటల్లో మోకాలు బుడగలా వాచినవాళ్ళకి. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపడానికి రానివాళ్ళకి. పెద్ద దెబ్బేమీ తగలకుండా ఉన్నట్టుండి భరించలేని నొప్పి మొదలై, ఎక్స్‌రేలో ఏమీ లేనివాళ్ళకి, వాళ్ళలో గుజ్జు కింద ఎముక సన్నగా చిట్లి ఉండొచ్చు, ముఖ్యంగా ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళలో. రాత్రి నిద్రలో లేపేసే నొప్పి, బరువు తగ్గిపోవడం ఉంటే. మామూలు అరుగుదలకి నిలబెట్టి తీసిన ఎక్స్‌రే చాలు. మోకాలు ఎర్రబడి, కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే ఏ ఫోటో కోసమూ ఆగకండి. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్తే సూదితో నీరు తీసి చూస్తారు. చీము అయితే గుజ్జుని రోజుల్లో తినేస్తుంది.

అల్ట్రాసౌండ్ గురించి ఒక్క ముక్క. కీలులో నీరు చేరిందా, మోకాలి వెనక నిమ్మకాయలా ఉబ్బింది ఏమిటి, అన్నదానికి మంచిది, చవక. కానీ ఎముక అడ్డం కాబట్టి బరువు మోసే చోట గుజ్జు దానికి దాదాపు అందదు.

అరుగుదల అనుకున్నదల్లా అరుగుదల కూడా కాదు. నల్గొండ వైపు మర్రిగూడ లాంటి చోట్ల ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయినవాళ్ళని మీరు చూసే ఉంటారు. మోకాళ్ళు లోపలికి తిరిగిపోవడం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ప్రపంచానికి చెప్పారు. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న మన పొదిలి, దర్శి వైపు అయితే ఫ్లోరోసిస్‌ని 1937లోనే గుర్తించారు. అలాంటి మనిషి మోకాలి నొప్పి అని వస్తే నేను ముంజేతికి ఎక్స్‌రే తీయిస్తాను. మోకాలికి అంటే చేతికి తీస్తాడేమిటి అని తిట్టుకుంటారు. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర ఉంటుంది, ఫ్లోరైడు అక్కడ సున్నంలా పేరుకుని గీతలాగా కనపడుతుంది. జబ్బు మోకాల్లో, సాక్ష్యం చేతిలో.

నేను మాట్లాడింది చాలు. మీరు అడగండి.

(ఒక మహిళ: కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవద్దంటారు. నిజమేనా? పూజ మానుకోలేం కదా.)

బాసింపట్టు మీద కాదు గానీ, గొంతుక్కూర్చోవడం మీద చైనాలో, బీజింగులో పెద్ద అధ్యయనమే జరిగిందమ్మా. వయసులో ఉన్నప్పుడు రోజూ గంటలకొద్దీ అలా కూర్చున్నవాళ్ళకి ముసలితనంలో మోకాలి అరుగుదల ఎక్కువగా కనపడింది. అరగంట పూజకీ రోజంతా కలుపు తియ్యడానికీ తేడా ఉంది. లేచేటప్పుడు నొప్పిగా ఉంటే పీట వేసుకోండి, దేవుడేమీ అనుకోడు.

(మరొకరు: గ్రేడ్ 4 అంటే మోకాలు మార్పిడి తప్పదా?)

ఫిల్ముకి ఆపరేషను చెయ్యరండీ, మనిషికి చేస్తారు. మీరెంత దూరం నడుస్తున్నారు, రాత్రి నిద్ర పడుతోందా, వ్యాయామం చేశారా, బరువు తగ్గారా, ఇవన్నీ చూడాలి. ఒంట్లో ఒక్క కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిమీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో కొలిచి చెప్పారు. మా అమ్మ గ్రేడ్ 4 సంగతి ఇందాక చెప్పానుగా. నొప్పితో మంచానికే పరిమితమయ్యేలా ఉంటే మాత్రం భయపడి వాయిదా వెయ్యకండి, అది మంచి ఆపరేషను.

(మరొకరు: ఎక్స్‌రేలు ఎక్కువ తీయించుకుంటే ప్రమాదమా?)

మోకాలి ఎక్స్‌రేతో పడే రేడియేషన్, ఊరికే ఇంట్లో కూర్చుంటే ప్రకృతినుంచి ఒక రోజులో పడేదానికన్నా తక్కువ. ఎమ్మారైలో అసలు లేదు. కాకపోతే ప్రతి ఆర్నెల్లకీ తీయించి పోల్చుకోవడం వృథా. అరుగుదల ఉన్నవాళ్ళలో కూడా ఆ సందు తగ్గేది సగటున ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పైచిలుకు. మోకాలు కాస్త అటూ ఇటూ వంగితే ఫిల్ములో అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది.

(మరొకరు: కంప్యూటరే ఫిల్ము చదివేస్తుందట కదండీ, మరి మీరు?)

గ్రేడు వెయ్యడంలో మాతో సమానంగానే వేస్తున్నాయి. సంతోషం. ఆ పక్క గది ఆయనతో నాకు గొడవ తప్పుతుంది. (నవ్వులు) ఆఁ, మాస్టారూ, మీరు చాలాసేపట్నుంచి కవరు పట్టుకుని ఉన్నారు. ఇలా రండి.

(ఒక పెద్దాయన ఫిల్ములతో వేదిక దగ్గరికి వచ్చారు. కుడి మోకాలి పైన నొప్పి, ఏడాదిగా ఉందని చెప్పారు.)

నించోపెట్టే తీశారా? మంచిది. ఆ ట్యూబులైటు వైపు పట్టుకోండి బాబూ, ఎత్తుగా. సందు బాగుంది. కొమ్ములు లేవు. ఎమ్మారై కూడా తీయించారా? మెనిస్కస్‌లో చిన్న చిరుగు అని రాశారు. నాకున్నలాంటిదే. చెప్పులు వేసుకునేటప్పుడు ఇబ్బందిగా ఉందా? కారులోంచి దిగేటప్పుడు? ఉందా. ఈ కుర్చీలో కూర్చోండి. కాలు వదిలేయండి, బిగబట్టకండి. మోకాలిని నేనేమీ చెయ్యను, పాదాన్ని ఇలా బయటికి తిప్పుతాను, అంటే తుంటి లోపలికి తిరుగుతుంది.

(పెద్దాయన: అబ్బా!)

ఎక్కడ లాగింది? గజ్జల్లోనా, తొడ ముందు నుంచి మోకాలిదాకానా? సరే, నెమ్మదిగా దించుతాను. తుంటి నొప్పి మోకాలిలో తెలియడం మామూలేనండీ, రెండిటి నరాలూ ఒకే దారిలో వస్తాయి. నేను సభలో చేసింది పరీక్ష కింద లెక్క కాదు, మీ డాక్టరు గారినే మళ్ళీ చూడమనండి. ఎక్స్‌రే మాత్రం ఈసారి తుంటికి తీయించండి మాస్టారూ.